పికప్ మీద పడకగది: మెలిక ఎక్కడుంది?

మా బావది గుంటూరు. మేనమామ కొడుకు. మిర్చి వ్యాపారం. సీజన్‌లో ఫోన్ ఎత్తడు, సీజన్ అయిపోతే ఫోన్ వదలడు. పోయిన వేసవిలో ఒక రాత్రి నాకో వీడియో పంపించాడు. అమెరికాలో ఎక్కడో ఎర్ర మట్టి ఎడారి. ఒక పికప్. వెనక తొట్టి పీకేసి చదునైన బల్ల వేశారు. దాని మీద ఒక పెట్టె. మొగుడూ పెళ్లాం లోపలికెళ్లి కప్పుని చేతులతో పైకి తోశారు. కప్పు లేచింది, చుట్టూ గుడ్డ గోడలు సాగాయి, డ్రైవర్ క్యాబిన్ పైన మంచం తయారైంది. కింద బావ మెసేజ్: "లారీలకి లారీలే కట్టి పంపుతారు మీ ఆటోనగర్‌లో. ఇదెంత?"

"చేస్తార్లే బావా" అని రాసి పడుకున్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. తర్వాత మూడు నెలలు ఆదివారాలన్నీ ఆటోనగర్ షెడ్లలోనే గడిచాయి. చేసేవాళ్లు లేక కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గరే మా ఇద్దరికీ తలకాయ తిరిగింది.

వీడియోలో ఒకే వస్తువులా కనిపించినా అవి రెండు వేరు వేరు పనులు. ఒకటి ఫ్లాట్‌బెడ్, రెండోది దాని మీద కూర్చునే పాప్-అప్ క్యాంపర్. (మన దగ్గర క్యాంపర్ అంటే బొలేరో క్యాంపర్ అనుకుంటారు. పేరే తప్ప దాన్లో పడకేం ఉండదు.) కంపెనీ తొట్టిలో రెండు పక్కలా చక్రాల మీది గూళ్లు లోపలికి పొడుచుకొస్తాయి. వాటి మధ్య మిగిలే వెడల్పు మూడున్నర, నాలుగు అడుగులు. తొట్టి తీసేసి చక్రాల పైనుంచి చదునుగా బల్ల వేస్తే వెడల్పు ఆరడుగుల దాకా వస్తుంది. కింద రెండు పక్కలా లారీలకుండే లాంటి పనిముట్ల పెట్టెలు, నీళ్ల ట్యాంకు వేలాడదీసుకోవచ్చు. క్యాంపర్‌కి తలుపు వెనకే ఉండాలనే రూలు పోయి పక్కకి కూడా పెట్టుకోవచ్చు. ఆస్ట్రేలియా వాళ్లు పికప్ కొన్నప్పుడే తొట్టి బదులు ఇలాంటి ట్రే పెట్టించుకోవడం మామూలే.

కప్పు లేచేదే ఎందుకంటే, ప్రయాణంలో పెట్టె పొట్టిగా ఉండాలి. ఎత్తు తగ్గితే గాలి అడ్డు తగ్గుతుంది, బరువు కిందికి దిగుతుంది, మలుపులో బండి ఒరగదు. చెట్టు కొమ్మలకీ, రైల్వే బ్రిడ్జిల కింద పెట్టిన ఎత్తు కమ్మీలకీ తగలదు. అమెరికాలో 1972 నుంచీ ఇదే పని చేస్తున్న ఫోర్ వీల్ క్యాంపర్స్ వాళ్లు గోడల అస్థిపంజరాన్ని అల్యూమినియంతో అల్లుతారు. తేలిక అన్నది ఒక కారణం. రెండో కారణం నాకు ఆటోనగర్‌లో అర్థమైంది.

అక్కడ ఒక మేస్త్రీ ఉన్నాడు. నలభై ఏళ్లుగా లారీ బాడీలు కడుతున్నాడు. మేము ఫోన్‌లో వీడియో చూపిస్తే ఆయన చూడలేదు. షెడ్డులో నిలబెట్టిన ఒక పికప్ దగ్గరికి తీసుకెళ్లి, "వేళ్లు పెట్టండి సార్" అన్నాడు. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందులో. రెండు వైపులా చూపుడు వేలూ మధ్య వేలూ కలిపి సరిగ్గా పట్టాయి. అప్పుడు కుర్రాడితో ఎడమ వెనక చక్రం కింద జాకీ పెట్టించి లేపించాడు. ఓ అడుగు లేచింది. "ఇప్పుడు పెట్టండి." సందు పైభాగంలో ఒక పక్క వేలు దూరడమే కష్టమైంది. రెండో పక్క మూడు వేళ్లు వదులుగా పట్టాయి. క్యాబిన్ అలాగే ఉంది, తొట్టీ అలాగే ఉంది. మధ్యలో కనిపించని చాసిస్ మెలిపడింది.

పికప్ చాసిస్ అంటే నిచ్చెనే. రెండు పొడుగు కమ్మీలు, మధ్యలో అడ్డ మెట్లు. నిచ్చెనని నిలువునా వంచడం కష్టం. కానీ ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు పట్టుకుని ఎదురెదురుగా తిప్పితే సులువుగా మెలి తిరుగుతుంది. గతుకుల్లో ఒక చక్రం గుంటలో, ఒకటి గట్టు మీద ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ నేలని వదలకుండా ఉండటానికి కమాన్లతో (లీఫ్ స్ప్రింగులతో) పాటు ఈ మెలిక కూడా సాయం చేస్తుంది. అది లోపం కాదు, కావాలని అలా కట్టిందే. అందుకే కంపెనీ వాళ్లు క్యాబిన్‌నీ తొట్టినీ ఒకే ముక్కగా చేయకుండా విడివిడిగా కూర్చోబెడతారు.

ఇప్పుడు దాని మీద ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న గట్టి ఇనుప బల్లని నాలుగు మూలలా బిగించేశామనుకోండి. చాసిస్ తిరగబోతుంది, బల్ల తిరగనివ్వదు. ఆ పోరులో ఎవరో ఒకరు ఓడాలి. బల్ల వెల్డింగ్ ఊడుతుంది, లేదా చాసిస్ పగులుతుంది. పగులు ఎక్కువగా క్యాబిన్ వెనక, గట్టి బల్ల ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే వస్తుంది. మాకు తెలిసిన ఒకాయన ఇంకో ఊళ్లో నీళ్ల ట్యాంకు కోసం ఇలాగే నేరుగా చాసిస్‌కి వెల్డింగ్ కొట్టించాడు. ఏడాది తిరక్కుండానే వెల్డింగ్ పక్కన వెంట్రుకంత గీత కనిపించింది. చాసిస్ ఇనుము కాలిస్తే దాని బలం ఆ చుట్టుపక్కల మారిపోతుంది. గీత ఎక్కువగా వెల్డింగ్‌లో కాదు, దాని పక్కన వస్తుంది. చూసేవాళ్లకి వెల్డింగ్ బాగానే కనబడుతుంది.

మేస్త్రీ చెప్పిన పద్ధతి లారీలకి ఎన్నేళ్లుగానో వేస్తున్నదే. చాసిస్ కమ్మీల మీద పొడుగునా రెండు రన్నర్లు, అంటే పొడుగు దూలాలు, పడుకోబెడతారు. ఇనుము మీద ఇనుము కూర్చోకుండా మధ్యలో రబ్బరు పట్టీయో చెక్క పట్టీయో వేస్తారు. రన్నర్ ముందు కొసని ఏటవాలుగా కోస్తారు, బరువు ఒక్కసారిగా ఒకే గీత మీద పడకుండా. వెనక భాగంలో ప్లేట్లు పెట్టి బోల్టులతో గట్టిగా పట్టిస్తారు. ముందు, క్యాబిన్ దగ్గర మాత్రం స్ప్రింగ్ బోల్టులు. చాసిస్ తిరిగినప్పుడు రన్నర్ అక్కడ ఓ అంగుళం లేచి, మళ్లీ కూర్చుంటుంది. షెడ్డులో ఆ స్ప్రింగుని ఆయన బొటనవేలితో నొక్కి చూపించాడు. "ఇది లేని బాడీ, కట్టిన రోజే సగం విరిగింది సార్."

యూ-బోల్టు వాడేచోట ఇంకో చిన్న సంగతి. చాసిస్ కమ్మీ మూడు వైపులే మూసి ఉన్న చానల్ అయితే యూ-బోల్టు బిగించేకొద్దీ పైపెదవి, కింది పెదవి దగ్గరికి నొక్కుకుపోతాయి. అందుకని లోపల దిమ్మ పెట్టి బిగించాలి. సైలెన్సర్ పక్కన ఆ దిమ్మ చెక్కది కాకూడదని వేరే చెప్పక్కర్లేదు. చాసిస్‌కి బెజ్జాలు పెట్టాల్సి వస్తే నిలువు గోడలోనే, అదీ కంపెనీ ఇచ్చిన బెజ్జాలు సరిపోనప్పుడే. పెదవులకి మాత్రం డ్రిల్లు తగలకూడదు.

ఇదంతా బల్లకి. బల్ల మీద క్యాంపర్‌కీ ఇదే కథ. నాలుగు మూలలా బిగిస్తే ఎగుడుదిగుడు చోట ఆపినప్పుడు తలుపు పట్టేస్తుంది. తలుపు పట్టేసిందంటే పెట్టె మెలిపడిందని అర్థం. అల్యూమినియం అల్లిక కాస్త సాగి సర్దుకుంటుంది, గట్టి ఇనుప డబ్బా సర్దుకోదు. అమెరికా వాళ్ల రెండో కారణం అదన్నమాట.

బరువు మాట

బావకి ఇక్కడ కోపం వచ్చింది. "నా బండి మీద టన్నున్నర బస్తాలు వేస్తా, ఏమీ కాలేదు. నాలుగొందల కిలోల డబ్బాకి ఇంత లెక్కా?"

బస్తాలు వేసేది యార్డు నుంచి గోడౌన్ దాకా. క్యాంపర్ దిగదు. బండి నడిచినన్నాళ్లూ నెత్తి మీదే ఉంటుంది. పైగా బస్తా కింద ఉంటుంది, క్యాంపర్ బరువు సగం నడుము ఎత్తుకి పైన ఉంటుంది.

మన షెడ్లలో వాళ్ల చేయి తిరిగింది బరువైన సామాను మీదే. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 38 కిలోల దాకా తూగుతుంది. పది షీట్లు వాడితే అక్కడే 380. మూడు మిల్లీమీటర్ల ఇనుప చెక్కర్ ప్లేటుతో ఎనిమిది బై ఆరు బల్ల వేస్తే ప్లేటే 110 కిలోలు, కింద చానళ్లు వేరే. అదే మందం అల్యూమినియం అయితే 40 లోపు. రొయ్యల బళ్లకి వాడే, మధ్యలో ఫోమ్ ఉండే పఫ్ ప్యానెల్ ఇక్కడ పనికొస్తుంది. రెండంగుళాల మందం, రెండు పక్కలా పల్చటి రేకు ఉన్నది చదరపు మీటరుకి పది కిలోల చొప్పున పడుతుంది. గోడ, వేడి ఆపే పొర రెండూ అదే. మన జిల్లాల్లో చేపలూ రొయ్యల బళ్లు కట్టేవాళ్లకి దీని అతుకులు మూయడం బాగా తెలుసు. నన్నడిగితే క్యాంపర్ కట్టించాల్సింది లారీ మేస్త్రీ దగ్గర కాదు, ఐస్ బండి కట్టేవాడి దగ్గర.

బరువు ఎంతో తెలిస్తే చాలదు, ఎక్కడ కూర్చుందో చూడాలి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య మూడు మీటర్లున్న పికప్ అనుకుందాం. మొత్తం 600 కిలోల పెట్టె, దాని బరువు మధ్య వెనక ఇరుసుకి 30 సెంటీమీటర్లు వెనక పడింది. అప్పుడు వెనక ఇరుసు మీద పడేది 600 కాదు, 660. ఆ అరవై ముందు చక్రాల నుంచి తీసుకుంటుంది. వెనక బస్తా ఎక్కువైన సైకిల్‌కి ముందు చక్రం లేచినట్టే. స్టీరింగ్ తేలిపోతుంది, తడి రోడ్డు మీద ముందు బ్రేకు పట్టదు. అదే పెట్టెని 30 సెంటీమీటర్లు ముందుకి జరిపితే వెనక 540, ముందు 60 కలుస్తుంది. ఇనుము మారలేదు, చోటు మారింది. రెండు వరుసల సీట్లున్న పికప్‌లలో తొట్టి పొట్టిది, సగానికి పైగా ఇరుసుకి వెనకే ఉంటుంది. క్యాంపర్‌కి అవి కష్టం. ఒకే వరుస సీట్లున్న బండే సరైనది. బావ ఇంట్లో నలుగురని గుర్తు చేస్తే కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

నీళ్లు లీటరుకి కిలో. ఎనభై లీటర్ల ట్యాంకు అంటే ఒక మనిషి కంటే ఎక్కువ. దాన్ని ఇరుసుల మధ్య, బల్ల కిందే పెట్టాలి. మంచం కింద పెట్టేవాళ్లున్నారు, సౌకర్యంగా ఉంటుందని.

ఇక మన ఊళ్లలో అందరూ చెప్పే మందు: "కమాను కట్టకి ఇంకో పట్టీ వేయించు, సరిపోద్ది." సరిపోదు. పట్టీ వేస్తే బండి వెనక కుంగడం తగ్గుతుంది, అంతే. ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే. ఆర్సీలో ఉన్న మొత్తం బరువు కిలో కూడా పెరగదు. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా పికప్‌లలో వెనక బ్రేకుకి బరువుని పసిగట్టే వాల్వు ఉంటుంది. ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య దూరం తగ్గితే బండి మీద బరువుందని తెలుసుకుని వెనక బ్రేకుకి ఒత్తిడి పెంచుతుంది. పట్టీ వేసి వెనక లేపేస్తే దానికి బండి ఖాళీగా కనబడుతుంది. పైన అరటన్ను పెట్టె ఉంటుంది, వెనక బ్రేకు మాత్రం ఖాళీ బండికి పట్టినట్టు పడుతుంది. పట్టీ వేయించడం తప్పని కాదు, వేయించాక ఆ వాల్వు కూడా సరిచేయించాలి. మాకు ఈ సంగతి చెప్పింది కమాన్ల షాపు వాళ్లు కాదు, బ్రేకుల మెకానిక్.

కాగితం ముందు, ఇనుము తర్వాత

నా లెక్కలో అసలు మెలిక ఇక్కడుంది. అమెరికాలో పికప్ వెనక పెట్టుకుని దింపేసే క్యాంపర్‌ని చాలా చోట్ల సరుకుగానే చూస్తారు. వీడియోలో ఆర్టీవో కనిపించడు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకీ రిజిస్ట్రేషన్ కాగితానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి సవరణ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రిజిస్టర్ అయిన బండికి తొట్టి పీకి బల్ల వేయడం మార్పే. బీమా వాళ్లకి చెప్పకుండా చేస్తే యాక్సిడెంట్ రోజున వాళ్ల మొదటి ప్రశ్న కూడా అదే.

మరి లారీలకి ఎలా కడుతున్నారు? లారీ బాడీ రిజిస్ట్రేషన్‌కి ముందు కడతారు. కొత్త చాసిస్‌ని తలకి తువ్వాలు చుట్టుకున్న డ్రైవర్ హైవే మీద తోలుకుపోవడం మన వాళ్లంతా చూసే ఉంటారు. దానికప్పుడు తాత్కాలిక రిజిస్ట్రేషనే ఉంటుంది. బాడీ కోసం షెడ్డులో ఆగితే ఆ గడువు పొడిగించడానికి నిబంధనల్లోనే వీలు పెట్టారు. ఫారం 22-ఏ అని ఒకటుంది. మొదటి భాగం చాసిస్ చేసిన కంపెనీ సంతకం, రెండో భాగం బాడీ కట్టినవాడి సంతకం. ఆ తర్వాతే పర్మనెంట్ నంబర్. వరస అది. అదే పని, అదే మేస్త్రీ, అదే ఇనుము. నంబర్ రాకముందు చేస్తే బాడీ కట్టడం, వచ్చాక చేస్తే మార్పు.

అయితే క్యాంపర్‌ని బాడీగా కట్టి క్యారవాన్ అని రిజిస్టర్ చేయించాలంటే ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. ఆ రకానికి పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదం కావాలి. ఏడాదికి పాతిక బళ్లు కట్టే కంపెనీకి ఆ ఖర్చు గిట్టుబాటు, ఒక్క బండికి కాదు. అలా ఆమోదం ఉన్నవాళ్ల దగ్గర కొంటే తలనొప్పి లేదు, ఆటోనగర్ సరదా కూడా లేదు.

మధ్య దారి ఒకటుంది, నేను బావకి చెప్పింది అదే. కంపెనీయే తొట్టి లేకుండా చదును బల్లతో అమ్మే పికప్ కొనడం. మన శ్రీసిటీలో 2016 నుంచి బళ్లు చేస్తున్న ఐసుజు వాళ్లు డీ-మ్యాక్స్‌ని ఫ్లాట్ డెక్‌తోనూ, వెనక ఏమీ లేని క్యాబ్-చాసిస్‌గానూ అమ్ముతూ వచ్చారు. అప్పుడు బల్ల ఆర్సీలోనే ఉంటుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. క్యాంపర్‌ని నాలుగు టర్న్‌బకిల్స్‌తో (తిప్పి బిగించే కొక్కేలతో) బిగించి, జాకీలతో దింపేసేలా కట్టుకుంటే అది సరుకు. బండి నడుస్తుంటే అందులో మనిషి ఉండకూడదు, పిల్లలు పడుకున్నారని కూడా. బండి పసుపు బోర్డే. మొత్తం బరువు 3 వేల కిలోలు దాటకపోతే గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి ఫిట్‌నెస్, తర్వాత ఏటా. ఓవర్‌లోడ్ పట్టుకుంటే 20 వేలు, ఆ పైన టన్నుకి 2 వేలు.

ఇది నూరు శాతం భద్రమైన దారని నేననను. "ఇది సరుకు" అని మనం అంటాం, ఎదురుగా నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ కూడా అనాలి. అందుకే దింపగలగడం అన్నది మాట వరసకి కాకుండా నిజంగా పది నిమిషాల్లో దింపి చూపించేలా ఉండాలి. వెనక లైట్లు, నంబర్ ప్లేటు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు పెట్టె చాటుకి పోకూడదు. వెనక ఇరుసు దాటి వేలాడే భాగం ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం మించకూడదు.

ఇక మన ఎండ. గుడ్డ గోడల క్యాంపర్ చలి దేశాల్లో, పొడి ఎడారుల్లో పుట్టింది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బెజవాడలో అందులో పడుకోవాలంటే ఏసీ కావాలంటాడు బావ. టన్ను ఏసీ గంటకి ఓ యూనిట్ తాగుతుంది. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది యూనిట్ పైన పావు. అంటే గంట, గంటంబావు చల్లదనం, అదీ గుడ్డలోంచి బయటికి పోతూ. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీలు నాలుగు మోద్దామంటే ఒక్కోటి యాభై కిలోల పైనే. ఏసీ ఆలోచన వదిలేసి నాలుగు పక్కలా దోమతెర, రెండు ఫ్యాన్లు, కప్పు మీద తెల్ల రంగు పెట్టుకోవడం మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యలంకకో మారేడుమిల్లికో పోతే ఆ గుడ్డ గోడలే వరం, గాలి అడ్డంగా పోతుంది. శ్రీశైలం పోయేవాళ్లు మాత్రం దోర్నాల దగ్గర రాత్రి తొమ్మిదింటికి అడవి గేటు మూస్తారని గుర్తుంచుకుని బయల్దేరాలి. వాన సంగతి వేరే. తడి గుడ్డని మడిచి కప్పు దించేస్తే మూడో రోజుకి బూజు. ఇంటికొచ్చాక మళ్లీ లేపి ఆరబెట్టాల్సిందే. ఆ గుడ్డ కుట్టడానికి సీటు కవర్లు, లారీ టార్పాలిన్లు కుట్టేవాళ్లు ఉన్నారు. కుట్టు బెజ్జాల్లోంచి నీళ్లు దిగకుండా పైన టేపు వేసేవాళ్లని వెతుక్కోవాలి.

పోయిన నెల బావ ఫోన్ చేశాడు. కొత్త బండి ఇంకా కొనలేదు. ఉన్న బండినే గుంటూరు యార్డు దగ్గర కాటా మీదికి ఎక్కించాడట. నేను చెప్పినట్టే ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక స్లిప్పు, మొత్తం ఎక్కించి ఇంకోటి. తీసేస్తే వెనక ఇరుసుది వస్తుంది. ఖాళీగా ఒకసారి, ఇంటిల్లిపాదినీ ఎక్కించి, మంచం, గ్యాస్ స్టవ్, నాలుగు నీళ్ల క్యాన్లు వేసి ఇంకోసారి. కాటా కుర్రాడు స్లిప్పు మీద రాయడానికి సరుకేమిటని అడిగాడట.

"ఏం చెప్పావు?"

"సంసారం అన్నాను. రాశాడు."